పాల సెంటర్లో కోసిన డబ్బు చర్చి స్లాబుకిస్తే సరిపోతుందా?

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా ఊళ్లో ఒక ప్రైవేటు డెయిరీకి పాల సెంటరు నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట నా భార్యకు వేలూరులో ఆపరేషన్ జరిగి అప్పులపాలయ్యాను. అప్పుడు మొదలైంది, ఫ్యాట్ (పాలలో వెన్న శాతం, రేటు దాన్నిబట్టే) ఒకటి రెండు పాయింట్లు తగ్గించి రాయడం. అందరిదీ కాదు, ఓ ఇరవై ఇళ్లవాళ్లది. ఒక్కో ఇంటికి రోజుకు మూడు రూపాయలు ఉంటుందేమో, అంతే. అప్పు ఎప్పుడో తీరిపోయింది, అలవాటు మాత్రం పోలేదు. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏడ్చి ఒప్పుకుంటాను, సంక్రాంతి దాటేలోపు మళ్లీ మామూలే. మొన్న ఉజ్జీవ కూటాల్లో గట్టిగా తీర్మానం చేసుకున్నాను, నెల రోజులుగా ఒక్క పాయింటు కూడా కోయలేదు. ఇప్పుడు పాస్టరు గారు నన్ను సంఘ పెద్దగా ఉండమంటున్నారు. దేవుడు క్షమించాడు కదా, పాతదంతా తవ్వుకోవాలా? బయటపడితే సెంటరు పోతుంది. పాలు పోసేవాళ్లలో ఎక్కువమంది విశ్వాసులు కారు, ప్రభువు నామానికే అవమానం. అందుకని ఆ డబ్బు లెక్కగట్టి చర్చి స్లాబుకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం, రొట్టె ద్రాక్షారసం తీసుకోవడం ఉంది, చేయి చాపాలంటే భయంగా ఉంది. తమ్ముడనుకొని చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, స్లాబుకు ఇవ్వొద్దు. ఆ డబ్బు చర్చిది కాదు, నీదీ కాదు, ఆ ఇరవై ఇళ్లవాళ్లది. వాళ్ల డబ్బు తీసుకెళ్లి దేవుడికి కానుకగా ఇస్తే, నువ్వు చేసిన పనిలో దేవుణ్ని కూడా భాగస్తుణ్ని చేసినట్టవుతుంది. పైగా ఆదివారం మైకులో నీ పేరు చదువుతారు, అందరూ చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు విన్నాక ఇక జన్మలో ఎవరికీ నిజం చెప్పలేవు. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం, ఇదొక్కటి మాత్రం ముందే తెగేసి చెబుతున్నాను.

నెల రోజులుగా కోయలేదన్నావు చూడు, దాన్ని నేను చిన్నగా చూడను. పొద్దున్నే అయిదున్నరకు క్యాన్లు, చెంబులు పట్టుకొని జనం నిలబడి ఉంటారు, మిషన్లో కనిపించే అంకె నీ ఒక్కడికే కనిపిస్తుంది, పెన్ను నీ చేతిలో ఉంటుంది, సాయంత్రం మళ్లీ అదే. పూటపూటా అవకాశం కళ్లముందే ఉన్నా నెల రోజులు ఆగావంటే అది నీ గట్టితనం ఒక్కటే కాదు, పరిశుద్ధాత్మ నీలో పని చేస్తున్నాడని నమ్ముతున్నాను. నమ్మకపోతే ఇంత పొడుగు జవాబు రాసేవాణ్ని కాదు.

కానీ సంక్రాంతికల్లా ఎందుకు మళ్లీ మొదటికి వస్తున్నావో ఎప్పుడైనా ఆలోచించావా? డిసెంబరు 31 రాత్రి నువ్వు నిజంగానే ఏడుస్తావు, అందులో నటన లేదు. అయితే జనవరి 1 పొద్దున సెంటరు తలుపు తీసేసరికి అక్కడ ఏదీ మారి ఉండదు. అదే మిషను, అదే మూలలో నీ వైపు తిరిగి ఉంటుంది. అదే పుస్తకం, అందులో అవే ఇరవై పేర్లు. నిన్నటిదాకా కోసిన డబ్బు నీ ఇంట్లోనే, నీ బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. నీకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అన్నీ యథాస్థానంలో ఉంచేసి మనసు మాత్రం మారాలంటే అది రెండు వారాలు నిలబడుతుంది, ఆపైన ఏదో ఒక ఖర్చు వచ్చి పడుతుంది, చేయి దానంతట అదే నాలుగును మూడు పాయింట్ ఎనిమిదని రాసేస్తుంది. మన కూటాల్లో "ప్రభువా, నేను ఘోర పాపిని" అని చెప్పడం చాలా తేలిక, నేనూ విన్నాను, అందరం చెబుతాం. "ప్రభువా, ఫలానా అవ్వ పాలల్లో నిన్న సాయంత్రం రెండు పాయింట్లు తీశాను" అని చెప్పడం కష్టం. ఎందుకంటే రెండో మాట చెప్పాక లేచి ఆ అవ్వ ఇంటికి వెళ్లాల్సి ఉంటుంది.

సామెతల గ్రంథం 28:13 నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును." ఒప్పుకోవడం, విడిచిపెట్టడం రెండూ ఉన్నాయి అక్కడ. నువ్వు ఆరేళ్లుగా మొదటిది సగం, రెండోది సగం చేస్తూ వచ్చావు. దావీదు సంగతి కూడా గుర్తు తెచ్చుకో. పరాయివాడి భార్య బత్షెబతో చేసిన పాపం దాచి, ఆమె భర్త ఊరియాను చంపించి, ఏమీ జరగనట్టే సింహాసనం మీద కూర్చున్నాడు. నాతాను ప్రవక్త వచ్చి, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా నోరు విప్పలేదు. అయితే నోరు విప్పాక ఏం జరిగిందో చూడు. 51వ కీర్తన పైన చిన్న అక్షరాల్లో ఉన్న మాటలు మనం చదవకుండా దాటేస్తుంటాం. అది ప్రధానగాయకునికి ఇచ్చిన కీర్తన అనీ, దావీదు బత్షెబ దగ్గరికి వెళ్లాక నాతాను ప్రవక్త అతని దగ్గరికి వచ్చినప్పటిదనీ అక్కడ రాసి ఉంది. అంటే రాజు చేసిన పాపం ఫలానా అని చెబుతూ అందరూ పాడుకునే పాట మీద పెట్టారు. "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని మనం ఇవాళ పాడుతున్నామంటే ఆ పాపం పేరు దాచనందువల్లే పాడుతున్నాం.

దేవుడు క్షమించాడు కదా అన్నావు. అవును, ఒప్పుకుంటే క్షమిస్తాడు, 1 యోహాను 1:9లో ఆ మాట ఇచ్చాడు, అందులో అనుమానం పెట్టుకోవద్దు. నువ్వు రేపు మొత్తం డబ్బు కట్టేసినా సరే, నీ క్షమాపణలో ఒక్క పైసా నీది ఉండదు, అదంతా సిలువ మీద చెల్లిపోయింది. కానీ దేవుడు నిన్ను క్షమించడం వల్ల అవ్వకు రావలసిన డబ్బు అవ్వకు చేరిపోదు కదా. ఆ డబ్బు చేర్చాల్సింది నువ్వే.

ఈ విషయంలో ధర్మశాస్త్రం ఎంత సూటిగా ఉందో చాలామంది విశ్వాసులకు తెలియదు, లేవీయకాండం చదవం కాబట్టి. ఆరో అధ్యాయం మొదట్లోనే ఉంది: పొరుగువాడి సొమ్ము మోసం చేసి తీసుకున్నవాడు దాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి, అదీ సొంతదారుడికే ఇవ్వాలి, అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజే ఇవ్వాలి. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఇదే మాట ఇంకా వివరంగా ఉంటుంది. నష్టపోయిన మనిషి లేకపోతే, తీసుకోవడానికి అతని రక్తసంబంధి కూడా ఎవరూ లేకపోతే, అప్పుడు మాత్రమే ఆ సొమ్ము యెహోవాకు చెందుతుంది, యాజకుడికి వెళ్తుంది. నీ స్లాబు ప్రశ్నకు మూడు వేల ఏళ్ల ముందే జవాబు రాసిపెట్టి ఉంది తమ్ముడూ. మందిరానికి ఇవ్వడమనేది వరుసలో అన్నిటికన్నా చివర.

పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య కథ మనం ఆదివారం బడి పిల్లలకు పాట కట్టి మరీ నేర్పిస్తాం, చెట్టెక్కడం దగ్గర నవ్విస్తాం, అతను లెక్కచూసిన సంగతి దగ్గర మాత్రం ఆగం. లూకా 19:8లో జక్కయ్య రెండు ఖాతాలు విడివిడిగా పెట్టాడు. ఆస్తిలో సగం బీదలకు. అన్యాయంగా తీసుకున్నది, ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకు నాలుగంతలు. బీదలకు సగం ఇచ్చేశాను కదా, ఇక పాతవి ఎందుకని అనలేదు. నాలుగంతలు ఎక్కడిదో కూడా చూడు. తానే వచ్చి ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం పెట్టింది అయిదో వంతు ఎక్కువ, అంతే. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి అమ్మినవాడికి, కోసుకు తిన్నవాడికి నిర్గమకాండం 22లో వేసిన లెక్క. అతను తనకు తానుగా గొర్రెల దొంగ వరుసలో నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు, యేసు కూడా అడగలేదు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని మాత్రం అన్నాడు. ప్రభువు ముందు ఇంటికొచ్చాడు, చెల్లింపు తర్వాత వచ్చింది. నీ విషయంలో కూడా వరుస అదే ఉండాలని నా కోరిక. ఆయన నీ ఇంట్లో ఉన్నాడు కాబట్టి డబ్బు తిరిగిస్తావు, ఆయన్ని ఇంటికి రప్పించుకోవడానికి కాదు.

ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే డబ్బు తిరిగిచ్చినంత మాత్రాన మనిషి బాగుపడడు. యేసును అప్పగించిన యూదా కూడా అందుకు తీసుకున్న ముప్పయి వెండి నాణేలు తిరిగిచ్చేశాడు, నిరపరాధ రక్తాన్ని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. అయితే ప్రధాన యాజకుల దగ్గరికి వెళ్లాడు, వాళ్లు మాకేమి నీవే చూసుకో అన్నారు, అతను ఒంటరిగా వెళ్లిపోయాడు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు పైసా తిరిగివ్వలేదు, ఇచ్చేదేమీ లేదు, కానీ యేసు ఒడ్డున నిలబడ్డాడని తెలియగానే చేపల వల వదిలేసి సముద్రంలోకి దూకాడు. నువ్వు లెక్కలు కట్టేటప్పుడు గుండె బరువెక్కుతుంది, నిద్ర పట్టదు, అప్పుడు ఒంటరిగా మాత్రం కూర్చోవద్దు. పాస్టరు గారింటికి వెళ్లు. అర్ధరాత్రయినా వెళ్లు.

ఇక నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన మాట చెబుతాను. "రోజుకు మూడు రూపాయలు, అంతే" అన్నావు. మా అమ్మ ఒక్క ఆవును పెట్టుకొని మమ్మల్ని చదివించింది. సాయంత్రం పాలు పోసి వచ్చి చీటీ నా చేతిలో పెట్టి ఎంత పడిందిరా అని అడిగేది. మూడు పాయింట్ ఆరు అంటే మొహం చిన్నబోయేది. గడ్డి సరిపోవడం లేదేమో, తవుడు తగ్గిందేమో, ఆవుకు ఏమైనా జబ్బేమో అని చీకట్లో లాంతరు పట్టుకొని పొదుగు తడిమి చూసేది. మరుసటి రోజు అప్పు చేసి ఇంకో బస్తా దాణా తెచ్చేది. మా సెంటర్లో ఎవరైనా కోశారో లేదో నాకు తెలియదు, అలా అనడం లేదు. నువ్వు అంకె తగ్గించి రాసిన ప్రతిసారీ ఒక ఇంట్లో ఒక మనిషి తన ఆవునూ, తన మేపునూ, తన చేతినీ తప్పుపట్టుకొని ఉంటుంది. మూడు రూపాయలకు మించి పోయింది అక్కడ.

ఇంకొకటి, ఏ ఇరవై ఇళ్లు? నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నాను. పుస్తకం తీసి చూడు. చీటీ చదవగలిగినవాళ్లు, పట్టణంలో ఉద్యోగం చేసే కొడుకున్నవాళ్లు, గట్టిగా అడిగేవాళ్లు ఆ ఇరవైలో ఎంతమంది ఉన్నారు? 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక మన వైపు రైతుకు పాలు పోయడానికి ఊళ్లో ఉన్న ప్రైవేటు సెంటరే దిక్కయింది, ఇది కాకపోతే ఇంకోటి. బోరు ఎండి చెరకు, వేరుశనగ దెబ్బతిన్న ఇళ్లలో పొయ్యి వెలిగేది పాల బిల్లుతోనే. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11:1లో ఉంది. హేయము అనేది చాలా బరువైన మాట, విగ్రహాల గురించి మాట్లాడేటప్పుడు వాడే మాట అది. తూకం విషయంలో దేవుడు అంత మాట ఎందుకన్నాడంటే, తూకంలో మోసపోయేది ఎప్పుడూ ఎదురు మాట్లాడలేనివాడే.

సరే, లెక్కకొద్దాం. ఒక్కో ఇంటికి రోజుకు మూడు రూపాయలు. ఆవు ఏడాది పొడుగునా ఇవ్వదు, వట్టిపోయిన నెలలు తీసేస్తే మూడు వందల రోజులు అనుకుందాం, 900 రూపాయలు. ఇరవై ఇళ్లకు 18,000. ఆరేళ్లకు 1,08,000. అయిదో వంతు 21,600 కలిపితే 1,29,600. ఇది నా అంచనా, నీ పాత పుస్తకాల్లో నిజం లెక్క ఉంటుంది. డెయిరీ నుంచి నీకు వచ్చిన బిల్లుకూ నువ్వు రైతులకు పంచిన బిల్లుకూ మధ్య తేడా, నీ కమిషన్ పోగా మిగిలింది చూసుకుంటే ఇంచుమించు దొరుకుతుంది. శాంపిల్‌కని తీసి తిరిగి పోయని పాలు కూడా ఆ లెక్కలో పెట్టు. అనుమానం ఉన్నచోట వాళ్లకు ఎక్కువ వచ్చేలా వేయి, నీకు కాదు.

అంత డబ్బు ఒక్కసారి ఉండకపోవచ్చు. వడ్డీకి తెచ్చి మాత్రం కట్టొద్దు, మళ్లీ అదే గుంటలో పడతావు. బండి అమ్మగలవా, ఒక ఆవును అమ్మగలవా, పదిహేను రోజుల బిల్లు ఇచ్చేటప్పుడు కొంత కొంత కలిపి ఏడాదిన్నరలో తీర్చగలవా, ఇది నీ భార్యతో కూర్చొని తేల్చుకోవాలి. ఆమెకు ముందు చెప్పు. చెప్పేటప్పుడు "నీ ఆపరేషన్ కోసమే చేశాను" అనే మాట మాత్రం నోట రానివ్వకు. ఆమె అడగలేదు కదా అలా చేయమని. తన ప్రాణం అవ్వ పాలల్లోంచి తీసిన డబ్బుతో నిలబడిందన్న బరువు ఆమె మీద వేయొద్దు.

తర్వాత పాస్టరు గారికి. సంఘ పెద్దగా ఉండమన్న మాటకు ఇప్పుడు కాదని చెప్పు, ఎందుకో కూడా చెప్పు. "నాకు అర్హత లేదండీ" అని వినయంగా తప్పుకుంటే ఆయన ఇంకా మెచ్చుకొని బలవంతం చేస్తాడు, మనవాళ్ల సంగతి తెలిసిందే. అసలు కారణం చెప్పు. లెక్క తెలిసిన, నోరు జారని ఒక పెద్దమనిషిని మీ ఇద్దరితో కూర్చోబెట్టుకోండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది ఇలాంటి గదుల కోసమే. ఆదివారం సాక్ష్యంలో మైకు పట్టుకొని చెప్పమని నేను అనను. నువ్వు మోసం చేసింది ఆ ఇరవై ఇళ్లను, సంఘం మొత్తాన్ని కాదు. ఎవరికి చేశావో వాళ్లకు చెప్పాలి, అంతకు తక్కువా కాదు, ఎక్కువా అక్కర్లేదు.

వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలంటే, సెంటరు దగ్గర లైన్లో నిలబెట్టి కాదు, వాళ్ల ఇంటికి వెళ్లు, ఒక్కో ఇంటికీ. కవరు చేతికిచ్చి రెండే మాటలు చెప్పు. "అవ్వా, ఆరేళ్లుగా నీ పాలకు ఫ్యాట్ తక్కువ రాశాను. ఇది నీ డబ్బు, తప్పు నాది." అక్కడితో ఆగు. ఆపరేషన్ సంగతి, అప్పు సంగతి చెప్పొద్దు. క్షమించానని అనమని అడగొద్దు, అది వాళ్ల ఇష్టం, వాళ్ల టైములో వాళ్లు అంటారు, అనకపోవచ్చు కూడా. తిడితే తల వంచుకొని విను. కొందరు డబ్బు వద్దంటారు, పల్లెటూరి మనిషికి ఆ పెద్దమనసు ఉంటుంది, అయినా అక్కడ పెట్టి రా. ఇంకో మాట, ఇది నేను గట్టిగానే చెబుతున్నాను: ఆ కవరులో కరపత్రం పెట్టొద్దు, అక్కడే కూర్చొని సువార్త చెప్పొద్దు, ఆదివారం చర్చికి రమ్మని పిలవొద్దు. వాళ్ల బాకీ వాళ్లకు ఇస్తూ దానికి ఏదీ జత చేయకూడదు. తర్వాతెప్పుడైనా వాళ్లే అడిగితే అప్పుడు చెబుదువు.

చనిపోయినవాళ్లు ఉంటే వాళ్ల పిల్లలకు ఇవ్వు. బెంగళూరు వెళ్లిపోయినవాళ్లుంటే ఫోన్ నంబరు కనుక్కొని మాట్లాడి పంపించు. ఎంత వెతికినా ఎవరూ దొరకని ఇల్లు ఒకటో రెండో మిగిలితే, అప్పుడు సంఖ్యాకాండం చెప్పినట్టు దేవుడి పేర ఇవ్వొచ్చు. అది కూడా స్లాబుకు కాకుండా, మీ ఊళ్లోనే ఆవు చచ్చిపోయి ఇబ్బంది పడుతున్న ఇల్లు ఏదైనా ఉంటే వాళ్లకు ఇస్తే నాకు ఇంకా సబబుగా అనిపిస్తుంది.

ప్రభువు నామానికి అవమానమని భయపడ్డావు. తమ్ముడూ, ఊళ్లో జనానికి ఏమీ తెలియదనుకుంటున్నావా? ఫ్యాట్ విషయంలో అనుమానం లేని పల్లె ఉందా మన జిల్లాలో? "ఆదివారం బైబిలు చంకలో పెట్టుకొని పోతాడు, సోమవారం పొద్దున్నే కోస్తాడు" అని వాళ్లు ఎప్పుడో అనుకొని ఉంటారు, నీ ముందు అనరు, అంతే. పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయంలో దొంగిలవద్దని బోధిస్తూ తామే దొంగిలించేవాళ్ల వల్ల దేవుని నామం అన్యజనుల్లో దూషణ పాలవుతోందని రాశాడు. దొంగతనం వల్ల దూషణ అన్నాడు, దొంగతనం ఒప్పుకోవడం వల్ల అనలేదు.

సెంటరు పోదని నేను మాట ఇవ్వలేను. రైతులకు చెప్పాక డెయిరీకి ఎలాగూ తెలుస్తుంది, ఎవరి నోటి నుంచో తెలిసేలోపు సూపర్‌వైజరుకు నువ్వే చెప్పు. తీసేస్తే తీసేస్తారు. తొమ్మిదేళ్ల పని పోవడం మామూలు కష్టం కాదు, నీకు ఇంట్లో టెన్షన్ ఉంటుందని తెలుసు, మీ సంఘం ఆ సమయంలో నీకు అండగా ఉండాలని నేను పాస్టరు గారికి కూడా చెబుతాను, నువ్వు ఒప్పుకుంటే. అంతకు మించి తియ్యగా ఏదో చెప్పి నిన్ను పంపలేను.

సెంటరు ఉంటే మాత్రం మొదట చేయాల్సిన పని ఒకటుంది. మిషను డిస్‌ప్లే జనం వైపు తిప్పు. రేపు పొద్దున్నే తిప్పు, ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు. పాలు పోసినప్పుడు వచ్చిన అంకెను పైకి చదువు, అందరికీ వినిపించేలా. చదువుకున్న ఆడపిల్ల ఎవరైనా లైన్లో ఉంటే ఆమెనే చదవమను. చీటీ ప్రింటు వచ్చే ఏర్పాటు ఉంటే అది వాడు, చేత్తో రాయడం మానేయి. కుడిచెయ్యి అభ్యంతరపరిస్తే నరికి పారేయమన్నాడు ప్రభువు. నీ విషయంలో ఆ చెయ్యి పెన్ను పట్టుకున్న చెయ్యి, కాబట్టి పెన్ను పక్కన పెట్టేయి. డిసెంబరు 31 తీర్మానాలు నిలబడకపోవడానికి ఇన్నాళ్లూ ఈ ఒక్క పని జరగకపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం.

తీసేసిన చోటు ఖాళీగా ఉంచొద్దు. ఊడ్చి అమర్చిన ఇంటిలోకి ఆ దయ్యం తనకన్నా చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకొచ్చిన సంగతి లూకా 11లో చదివావు కదా. ఎఫెసీ 4:28లో పౌలు దొంగతో ఇక దొంగిలించొద్దు అని మాత్రమే చెప్పి వదిలేయలేదు, తన చేతులతో కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టాలన్నాడు. తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి కావాలి, దేవుడు నిన్ను నూతనపరిచేది అక్కడే. బాకీలు తీరుతుండగానే ఏదైనా చిన్నది మొదలుపెట్టు. లెక్క రాని ముసలివాళ్ల పదిహేను రోజుల బిల్లు ఇంటికి తీసుకెళ్లి, వాళ్ల ముందు కూర్చొని వరుస వరుసా చదివి వినిపించు. నీ అంత బాగా ఆ పుస్తకం తెలిసినవాడు ఊళ్లో ఇంకెవరున్నారు?

మళ్లీ పడితే ఏం చేయాలని నువ్వు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతల్లోనే ఉంది. ఒక పూట చెయ్యి జారి అంకె మారిందనుకో, సంక్రాంతి అనో, వచ్చే డిసెంబరు అనో ఎదురుచూడొద్దు, ఆ సాయంత్రానికల్లా దిద్దేయి, ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్పు. వారానికోసారి పుస్తకం ఆయనకు చూపిస్తూ ఉండు. నిన్ను నమ్మకపోవడం కాదు అది, నీకు తోడు.

వచ్చే ఆదివారం సంస్కారం గురించి. బలిపీఠం దగ్గర అర్పణ అర్పించబోతూ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రమ్మని యేసు మత్తయి 5లో చెప్పాడు. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలన్నాడు, పరీక్షించుకొని ఆ రొట్టె తినమన్నాడు, మానేయమనలేదు. అంటే నీకింకా నాలుగైదు రోజులున్నాయి. మొత్తం తీర్చాకే బల్ల దగ్గరికి రావాలంటే ఏడాదిన్నర పడుతుంది, అది నేను చెప్పను. ఇవాళ రాత్రి భార్యకు చెప్పు. రేపు పాస్టరు గారి దగ్గరికి వెళ్లు. శనివారం సాయంత్రం పాలు అయిపోయాక, ఆ ఇరవై ఇళ్లలో అన్నిటికన్నా పేదది ఏదో నీకు తెలుసు, మొదటి కవరు తీసుకొని ఆ ఇంటికి వెళ్లు. వెళ్లొచ్చాక ఆదివారం చేయి చాపు.